ద్వారమునొద్ద వ్రాసిన వెల

పరదేశము వెళ్లివచ్చిన వానిని మన గ్రామములలో మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "అక్కడ ఏమి తింటిరి, అయ్యగారూ?" సంఘపెద్దలు మొదలుకొని సండేస్కూలు పిల్లలవరకు నన్నును అదే అడిగిరి. కనుక ఫ్రాన్సు దేశములో కైసర్స్‌బెర్గ్ అను గ్రామమందు ఒక చిన్న భోజనశాలలో తిన్న ఒక పూట భోజనమునుగూర్చి మీకు చెప్పెదను.

ఆ గ్రామము ఆల్సాసు ప్రాంతములో ద్రాక్షతోటల నడుమ నున్నది. 1913లో ఆఫ్రికాలోని లాంబరేనేకు వెళ్లి రోగులకు వైద్యము చేసిన ఆల్బర్ట్ ష్వైట్జర్ గారు 1875లో ఇక్కడ ఒక పాదిరిగారి ఇంట జన్మించిరి. నేను వెళ్లినది అందుకే. అయితే యాత్రికులలో అనేకులు వచ్చునది కర్రచట్రముల పాత యిండ్లను, కప్పులమీది కొంగగూళ్లను, 1514లో కట్టిన రాతి వంతెనను చూచుటకు. 2017లో ఫ్రాన్సు ప్రజలకు మిక్కిలి ప్రియమైన గ్రామముగా టెలివిజనువారి పోటీలో ఇది ఎన్నికైనది. యాత్రికులు కూడు చోట తిండి వెల ఎట్లుండునో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

నాయొద్ద ఆ దినమునకు 20 యూరోలు మాత్రమే యుండెను. సాయంకాలము కోల్మారు పట్టణమునకు బస్సు టిక్కెట్టును అందులోనే కొనవలెను. నాతోనున్న కామెరూను దేశపు సహోదరుడును, ఆయనయు పాదిరియే, నాకంటె ధనవంతుడు కాడు.

అక్కడ ప్రతి భోజనశాల ద్వారమునొద్ద ఒక పలకయుండును. దానిమీద పదార్థముల పేర్లు, వాటి వెలలు వ్రాసియుండును. ఇట్లు బయట కనబడునట్లు వ్రాయవలెనని 1987లో ప్రభుత్వము ఉత్తరువు చేసెను. వడ్డించువారి కూలియు ఆ వెలలోనే చేరియుండును. ఇది చిన్న సంగతియని తలంచకుడి. జేబులో కొంచెమే యున్నవాడు లోపల కూర్చుండి, తిని, పిమ్మట బిల్లు చూచి తలవంచుకొనుట ఎంత అవమానము! మేము మూడు ద్వారములయొద్ద పలక చదివి, ఒకరి మొగమొకరము చూచుకొని, ముందుకు నడచితిమి. మమ్మును ఎవరును గమనింపలేదు.

గంట ఒకటిన్నర దాటెను. రెండు గంటలకు అక్కడి వంటిండ్లు అనేకము మూసివేయుదురు గనుక మాకు కొంత తొందర కలిగెను. నాలుగవది ప్రక్కసందులో ఆరు బల్లలున్న చిన్న యిల్లు. ఫ్లామ్‌కూష్ 11 యూరోలని పలక చెప్పెను. మన రూపాయలలో అది ఎంతో లెక్కించితినా ముద్ద దిగదు, గనుక లెక్కించలేదు.

ఈ ఫ్లామ్‌కూష్ పల్లెవారి తిండి. రొట్టె పిండిని అప్పడమువలె పలుచగా వత్తి, మీద మీగడ పూసి, ఉల్లిపాయ చీలికలు, పొగబెట్టిన పందిమాంసపు తునకలు చల్లి, మండుచున్న పొయ్యిలో కొద్ది నిమిషములు కాల్చుదురు. పూర్వము రొట్టెలు కాల్చు దినమున పొయ్యి వేడి ఎట్లున్నదో చూచుటకు దీనిని మొదట లోనికి తోసెడివారట. అంచులు నల్లగా మాడి, నడుమ మెత్తగా నుండును. చెక్కపలకమీద తెచ్చి పెట్టుదురు. చేతితో చుట్టి తినవచ్చును. కత్తియు ముల్లును నాకు ఎప్పుడును సరిగా లొంగలేదు గనుక ఇది నాకు మిక్కిలి నచ్చెను.

చుట్టునున్న బల్లలన్నిటిమీద ద్రాక్షారసమే. మాకు కూజా నీళ్లు కావలెనని సహోదరుడు చెప్పెను. సీసా నీళ్లనిన డబ్బు; కూజా నీళ్లనిన భోజనముతో ఉచితము, రొట్టెయు అట్లే. 1967 నుండి అక్కడి నియమమిది. అయినను ఏ నియమమును ఇంటి యజమానురాలి ముఖమును దిద్దలేదు గదా? ఆమె ముఖము మారలేదు. చల్లని నీటి కూజా తెచ్చి బల్లమీద పెట్టెను. మేము ప్రార్థించుకొని తినుచుండగా, సహోదరుని కూరతో వచ్చిన రొట్టెబుట్ట ఖాళీ యగుట చూచి, అడుగకయే మరల నింపి తెచ్చెను. ప్రక్కబల్లనున్నవారు మాకంటె మూడింతలు ఖర్చు చేయుచుండిరి; వారి బుట్టయు మా బుట్టయు ఒక్కటే రకము.

బిల్లు వచ్చెను. పలకమీద 11, బిల్లులోను 11. సహోదరుడు బల్లమీద ఒక చిన్న నాణెము ఉంచెను. నేనును ఉంచితిని. "మెర్సీ, మెస్యూ" అని ఆమె మా యిద్దరితోను చెప్పి, తలుపు తెరచి పట్టుకొనెను.