కోమటిచెరువుకు పోటు రాదెందుకు?

పిల్లలూ,

పైన రాసిన ప్రశ్న నాది కాదు. 1992లో సిద్దిపేటలో నేను ఏడో తరగతికి పాఠం చెబుతుండగా వెనక బెంచీ కుర్రవాడొకడు అడిగాడు. ఆనాటి పాఠం ఆటుపోట్లు. నల్లబల్ల మీద పెద్ద సున్నా చుట్టి భూమి అన్నాను. దాని పక్కన చిన్న సున్నా చుట్టి చంద్రుడు అన్నాను. చంద్రుడు లాగితే సముద్రం పొంగుతుంది, అది పోటు, తగ్గితే ఆటు, రాసుకోండి అన్నాను. అప్పుడు వాడు లేచి, "సారూ, చంద్రుడు సముద్రాన్ని గుంజితే మన కోమటిచెరువును ఎందుకు గుంజడు?" అన్నాడు.

నాకు జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. "పరీక్షలో రాని ప్రశ్నలు అడగవద్దు, కూర్చో!" అని గద్దించాను. తరగతి అంతా గొల్లున నవ్వింది. వాడు కూర్చున్నాడు. ఆ యేడాదిలో వాడు నన్ను మళ్లీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ముప్ఫైరెండేళ్ల తరవాత సముద్రం నడుమ నిలబడి ఆ ప్రశ్నకు నేను జవాబు వెతుక్కోవలసివచ్చింది. ఎలాగో చెబుతాను, వినండి.

2024 మార్చిలో, శివరాత్రి వెళ్లగానే, నా పాత విద్యార్థులు ఐదుగురు కలిసి అండమాను దీవులకు ప్రయాణం కట్టారు. వాళ్లలో ఒకడికి అమెరికాలోని ఫ్లోరిడాలో ఉద్యోగం. అక్కడి సముద్రతీరాన లోతులేని నీళ్లలో నడుస్తూ గాలంతో చేపలు పట్టడం పెద్ద వినోదం. బహామా దీవులలోనూ, సీషెల్స్ దీవులలోనూ కూడా ఈ ఆటకోసమే జనం దూరదేశాలనుంచి వస్తారు. అతను ఆ గాలాలు వెంట తెచ్చి, "సారూ, ఇన్నేండ్లు మాకు సముద్రం పాఠం చెప్పిండ్రు. ఒక్కసారన్న సముద్రంల నిలబడి చూడుండ్రి," అన్నాడు. సరే, నేను కూడా బయలుదేరాను.

హైదరాబాదులో విమానం ఎక్కి పోర్టు బ్లెయిర్‌లో దిగాము. ఆ యేడాది సెప్టెంబరులోనే ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడి జంగ్లీఘాట్ చేపల రేవులో ఎటు చూసినా తెలుగే వినిపించింది! శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వలసవచ్చిన బెస్తవారు అక్కడ ఎందరో ఉన్నారు. అక్కడినుంచి ఓడ మీద షహీద్ ద్వీపానికి వెళ్లాము. 2018 దాకా దాని పేరు నీల్ దీవి. మాకు కుదిరిన పడవ తండేలు కూడా తెలుగువాడే. అతని తాత శ్రీకాకుళం వైపునుంచి వచ్చాడట. చేపలు పట్టించడానికి కావలసిన అనుమతి పత్రాలు అతని దగ్గర ఉన్నాయి. అతను ఐదో తరగతితో బడి మానేశాడు.

మర్నాడు ఐదున్నరకే సూర్యోదయమయింది. సిద్దిపేటలో అయితే ఇంకో గంట పట్టేది. గడియారం దేశమంతటికీ ఒకటే అయినా, ఆ దీవి మనకు చాలా తూర్పున ఉంది. అంచేత అక్కడ పొద్దు ముందే పొడుస్తుంది. అప్పటికి నీరు బాగా దిగిపోయి ఉంది. రాత్రి అలలు కొట్టిన చోట ఇప్పుడు అర మైలు పొడవున ఇసుక మేట. దానిమీద చీలమండ లోతున నీరు, అద్దంలాగ తేటగా ఉంది. ఒడ్డుకూ మేటకూ నడుమ ఒక పల్లం ఉంది. అందులో మోకాలి లోతు. ఆ పల్లం దాటి మేట మీదికి నడిచాము. పగడాలు ప్రాణమున్నవి గనుక వాటిమీద అడుగు పెట్టవద్దనీ, ఇసుకమీదనే నడవాలనీ తండేలు ముందే హెచ్చరించాడు.

ఇక ఆ గాలం సంగతి. మన చెరువుగట్టున వేసే గాలానికి వానపాము గుచ్చుతాము, సీసం గుండు కడతాము. ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. చేనులో పిట్టలు తోలే ఒడిసెల చూశారుగదా? రాయి బరువుంది గనుకనే దూరం పోతుంది. ఈ గాలం అట్లా కాదు. దీని ఎర ఈక ముక్కలూ, వెంట్రుకలూ దారంతో చుట్టి చేసిన బొమ్మ. అది చిన్న రొయ్యలాగ కనిపిస్తుంది; బరువు దాదాపు ఉండదు. దాన్ని చేత్తో విసిరితే ముక్కు ముందే పడుతుంది. అందువల్ల బరువంతా దారంలోనే పెడతారు. పొడుగుపాటి కర్రతో ఆ లావు దారాన్ని వెనక్కీ ముందుకూ విదిలిస్తారు. బండివాడు చర్నాకోల ఝళిపించినట్టు దారం గాలిలో మెలిక తిరిగి, ఆ మెలిక ముందుకు దొర్లుతూ పోయి, చివరనున్న ఈక బొమ్మను నీటిమీద చప్పుడు లేకుండా దింపుతుంది. మొదటి గంటలో నేను పట్టుకున్నది నా టోపీ ఒక్కటే.

ఈ వేటలో గాలం వేసి కూర్చోవడం లేదు. కొంగ మాదిరిగా మెల్లగా అడుగులు వేస్తూ, ముందు చేపను కంటితో చూసి, తరవాత గాలం విసరాలి. నీటి తళతళలో చేప ఎలా కనిపిస్తుంది? అందుకు ఒక రకం నల్ల కళ్లద్దాలు ఇచ్చారు. వెలుతురు అలలుగా వస్తుందని మీరు చదివే ఉంటారు. నీటిమీద పడి చెదిరి వచ్చే వెలుతురులో ఎక్కువ భాగం ఒకే తీరున, అడ్డంగా ఊగుతూ వస్తుంది. ఆ అద్దాలు అడ్డంగా ఊగే వెలుతురును ఆపి, నిలువుగా ఊగేదాన్ని రానిస్తాయి. పెట్టుకోగానే తళతళ మాయమై ఇసుక, పీతలు, చేపల నీడలు చూపుకు అందాయి.

చేపలు ఎప్పుడు వస్తాయని తండేలును అడిగాను. "పోటు ఎక్కినప్పుడు, మాస్టారూ," అన్నాడు. కారణం ఆలోచించండి. నీరు దిగినప్పుడు పీతలూ రొయ్యలూ ఇసుకలో దాక్కుంటాయి. నీరు ఎక్కుతూవుంటే అవి కదులుతాయి. వాటిని తినడానికి లోతునుంచి చేపలు మేట మీదికి వస్తాయి. అంటే చేప వచ్చే వేళా, మనిషి ఒడ్డుకు తిరగవలసిన వేళా ఒక్కటే. ఈ సంగతి నాకు అప్పుడే తట్టి ఉండవలసింది.

నీరు ఎక్కడం మొదలై గంటయింది. నా కాలికి ఒక గుర్తు పెట్టుకుని చూశాను. పదిహేను సెంటీమీటర్లు పెరిగింది, జానెడైనా లేదు. "గంటకు పదిహేను. మూడు గంటలకు నలభై అయిదు. పల్లంలో అప్పటికి నడుములోతు. భయమేమీ లేదు," అని మనసులో లెక్క కట్టాను. లెక్కల మాస్టారు ఎవరైనా మార్కులు వేసే లెక్కే!

రెండో గంటలో ఫ్లోరిడా కుర్రవాడికి ఒక పార చేప పడింది. వెండి రంగు, మూరెడు పొడుగు. ముల్లు లేని కొక్కెం గనుక సులువుగా ఊడదీసి, చెయ్యి తడిచేసుకుని చేపను పట్టుకుని, నీటిలోకి వదిలేశాడు. పొడి చెయ్యి తగిలితే చేప ఒంటిమీది జిగురు పొర ఊడిపోతుందట. తండేలు అది చూసి, "పట్టీసి ఒగ్గేస్తారేటి బాబూ!" అని నవ్వాడు. అతనికి చేప అన్నం. వీళ్లకు ఆట. ఎవరి మాటను కాదనాలో నాకు తోచలేదు.

మరికాసేపటికి తండేలు ఒడ్డునుంచి కేక పెట్టాడు: "బేగొచ్చీండి మాస్టారూ! పోటెక్కీస్తంది!" కుర్రవాళ్లు నలుగురూ తిరిగారు. నేను తిరగలేదు. నాకు ఎదురుగా రెండు తోకలు నీటి పైకి తేలి మెరుస్తున్నాయి. చేపలు తల దించి ఇసుక తవ్వుతున్నాయి. ఇంకొక్క విసురు, ఇంకొక్క విసురు అనుకున్నాను. నా లెక్క ప్రకారం ఇంకా టైముంది.

తీరా వెనక్కి వచ్చేసరికి పల్లం పల్లంలాగ లేదు, ఏరులాగ పారుతున్నది. అడుగు పెట్టాను, నడుము దాటింది. ఇంకో అడుగు వేశాను, గుండెదాకా వచ్చింది. కాలికింద ఇసుక జారిపోతున్నది. నాకు ఈత రాదు పిల్లలూ. కేక వేద్దామంటే గొంతు పెగలలేదు. అంతలో ఒక చెయ్యి నా మోచేతిని గట్టిగా పట్టుకుంది. కుర్రవాళ్లలో ఒకడు ఒడ్డుకు పోకుండా పల్లం అవతలనే నాకోసం కాచుకుని ఉన్నాడు. నా అవస్థ చూసి నీళ్లలోకి దిగాడు. "సారూ, నా భుజం పట్టుకోండి. కాళ్లు ఎత్తకుండ్రి," అన్నాడు. తండేలు పడవ తోసుకువచ్చి ఇద్దరినీ పైకి లాగాడు. నన్ను పట్టుకున్నవాడు ఎవరనుకున్నారు? 1992లో నేను కూర్చోబెట్టిన వాడే.

పడవలో వణుకుతూ తండేలును అడిగాను, నా లెక్క ఎక్కడ తప్పిందని. "నీరు లెక్క చొప్పున రాదు మాస్టారూ. మొదట నత్తలాగ, మధ్యలో గుర్రంలాగ, ఆఖరుకు మళ్లీ నత్తలాగ వస్తాది," అన్నాడు. ఓడలు నడిపేవారు పన్నెండు పాళ్ల లెక్క అని ఒకటి వాడతారు. నీరు ఎక్కడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. పెరిగే మొత్తాన్ని పన్నెండు పాళ్లు చేస్తే, మొదటి గంటలో 1, రెండో గంటలో 2, మూడులో 3, నాలుగులో 3, అయిదులో 2, ఆరులో 1. మొత్తం 180 సెంటీమీటర్లయితే 15, 30, 45, 45, 30, 15. మూడు గంటలకు పెరిగేది నలభై అయిదు కాదు, తొంభై! ఉయ్యాల ఊగుతున్నప్పుడు గమనించండి: రెండు కొసలలోనూ నెమ్మది, నడుమ జోరు. సముద్రం కూడా అంతే. మొదటి గంటను చూసి మిగతా గంటలు అట్లాగే ఉంటాయనుకోవడమే నేను చేసిన తప్పు.

తండేలు దగ్గర గడియారం లేదు. రేపు పోటు ఎప్పుడని అడిగితే, "తిథికి రెండు గడియలు ఎనక్కి," అన్నాడు. గడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలు; రెండు గడియలు నలభై ఎనిమిది. శాస్త్రజ్ఞులు చెప్పేది సుమారు యాభై నిమిషాలు! భూమి ఒకసారి తిరిగేలోపల చంద్రుడు కొంచెం ముందుకు జరుగుతాడు గనుక, మళ్లీ అతని ఎదుటికి రావడానికి భూమికి 24 గంటల 50 నిమిషాలు పడుతుంది. ముప్ఫైయేళ్లు నేను బల్లమీద రాసినదాన్ని అతను వేలిమీద లెక్కపెట్టాడు.

ఇప్పుడు ఆ పాత ప్రశ్నకు వద్దాం. చంద్రుడు మనకు 3,84,000 కిలోమీటర్ల దూరాన ఉన్నాడు. భూమి అడ్డుకొలత దాదాపు 12,700 కిలోమీటర్లు. చంద్రుడివైపు ఉన్న సముద్రాన్ని అతను కాస్త ఎక్కువగా, భూమి నడిబొడ్డును కొంచెం తక్కువగా, అవతలి సముద్రాన్ని ఇంకా తక్కువగా లాగుతాడు. ఈ తేడా మూలాన సముద్రం రెండు వైపులా కొద్దిగా ఉబ్బుతుంది. భూమి తిరుగుతూ ఉంటే చాలా తీరాలకు రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. అంటే పోటు తెచ్చేది లాగడం కాదు, లాగడంలోని తేడా. కోమటిచెరువు ఈ గట్టునూ ఆ గట్టునూ చంద్రుడు ఇంచుమించు ఒకే బలంతో లాగుతాడు. పైగా సముద్రంలో వేల కిలోమీటర్లనుంచి నీరు పక్కలకు జరిగివచ్చి పోగవుతుంది; చెరువుకు ఎక్కడినుంచి వస్తుంది? 2020లో గోదావరి నీటితో నిండిన మన రంగనాయకసాగర్‌కైనా ఇదే జవాబు. అంత పెద్ద మధ్యధరా సముద్రంలోనే పోటు కొంచెంగా వస్తుంది. గుజరాతులో ఖంబాత్ సింధుశాఖ గరాటులాగ ఇరుకవుతుంది గనుక అక్కడ పది మీటర్లకు కూడా లేస్తుంది.

ఆ సాయంత్రం ఈ జవాబంతా అతనికి చెప్పి, "ఆనాడు నిన్ను కూర్చోబెట్టడం నా తప్పు," అన్నాను. అతను తెల్లబోయి చూశాడు. "నేను అడిగిన్నా సారూ? నాకు యాదిలేదు," అన్నాడు. అతనికి గుర్తులేకపోయినా నాకుంది. అందుకే మీ అందరిముందూ రాస్తున్నాను.

మీకొక పని చెబుతాను. పున్నమినుంచి ఆరు రోజులు, చంద్రుడు మీ ఇంటి డాబా మీదనుంచి ఎన్ని గంటలకు కనిపించాడో రోజూ ఒక కాగితం మీద రాసిపెట్టండి. చివరి రెండు మూడు రోజులూ పెద్దవాళ్ల తోడుతో బాగా పొద్దుపోయేదాకా మేలుకోవాలి. రోజుకు ఎంత ఆలస్యమవుతున్నదో లెక్కకట్టి చూడండి. ఒక్కొక్క రోజు కాస్త ఎక్కువతక్కువలుంటాయి. ఎందుకని మీకు అనుమానం వస్తే, మీ మాస్టారును తప్పక అడగండి. ఆయనకు తెలియకపోతే, ఇద్దరూ కలిసి వెతకండి.