పొందూరు పంచె

విశాఖపట్టణము నుండి పలాస వైపు పోవు పాసింజరు బండి విజయనగరమును, చీపురుపల్లిని దాటి, సిగడాము విడిచిన పిమ్మట పొందూరు స్టేషనులో క్షణకాలము నిలుచును. ఖద్దరునకు దేశమంతట పేరు మోసిన యూరు గదా యని ఏదో యాశ్రమవాతావరణమును మనస్సులో కల్పించుకొని దిగినవానికి మొట్టమొదట కానవచ్చునది మన జిల్లాలలోని యే మండల కేంద్రమునకును భిన్నము కాని యొక సాధారణమైన బజారు: మందుల దుకాణములు, సెల్ ఫోన్ల యంగళ్లు, ఆటోల రొద. ఖద్దరు బజారులో లేదు; వెనుక వీధులలో, పెంకుటిండ్ల యరుగులపై నున్నది. దానికొరకు అడిగి తెలిసికొని పోవలెను.

నేను పోయితిని. మా నాయనగారు జీవించినన్నాళ్లును పొందూరు పంచె దక్క మరియొకటి కట్టి యెరుగరు. ఆయన గతించి చాల యేండ్లయినది. ఆ పంచెలు పుట్టిన చోటు చూడవలెనను కోరిక నాలో నుండియు, ఏటికేడు వాయిదా పడుచుండగా, అమెరికాలో స్థిరపడిన మా అబ్బాయి తన క్రొత్త యింటి గృహప్రవేశమునకు తాతగారు కట్టిన రకము పంచె యొకటి కావలెనని ఫోనులో కోరుట నన్ను కదలించినది. వాడిప్పుడు ఆ దేశపు పౌరుడు. మన రాజ్యాంగము రెండు పౌరసత్వముల నంగీకరింపదు గనుక, చట్టరీత్యా వాడు భారతీయుడు కాడు. జైలుకు పోయి వచ్చిన తాతకు ఇట్టి మనుమడా యని మా బంధువులలో నొకరు ఎత్తిపొడిచిరి గాని, పౌరసత్వము వదలుకొన్నవాడు పంచె నేల యడిగినాడని వారెవ్వరును ఆలోచింపలేదు.

నూలు వడుకు పట్టుశాలీలుండు వీధిలో, ఖాదీ సంఘము వారు తోడిచ్చి పంపిన కుర్రవాడు నన్నొక యింటికి గొనిపోయెను. డెబ్బది దాటిన యొక వృద్ధురాలు అరుగుమీద కాళ్లు చాపుకొని కూర్చుండి పత్తి దువ్వుచుండెను. దువ్వుట యన్న మాట అతిశయోక్తి కాదు. వాలుగ చేప దవడ యెముకను ముక్కగా కోసి, చిన్న పుల్లకు బిగించి కట్టిన సాధనము ఆమె కుడిచేతిలో నుండెను. ఆ యెముకపై పళ్లెంత సూక్ష్మములన, వ్రేలితో తాకినపుడు గ్రుచ్చుకొనునే గాని, నా కంటికి విడివిడిగా నానవు. గింజతో కూడిన పత్తిని ఎడమచేతి రెండు వ్రేళ్ల నడుమ పట్టుకొని, తలంటిన పిల్లకు చిక్కు దీయు తల్లివలె, తొందర లేక విసుగు లేక ఆమె దువ్వుచుండగా ఆకుతునకలును దుమ్మును రాలిపోయి, గింజ చుట్టును ఉన్న పోగులన్నియు ఒకే దిక్కునకు తిరిగి, వెలుతురులో తళతళలాడినవి. ఈ దవడలు గోదావరి ప్రాంతము నుండి వచ్చునట. ఇనుప దువ్వెన పనికిరాదా యని యడిగితిని.

“ఇనప దువ్వెన పెడితే పోగు తెగిపోతాది బాబూ. ఈ చేప దవడకే ఇది లొంగుతాది” అనెను.

దువ్విన పత్తిని నున్నని చెక్కపలకపై నుంచి సన్నని యినుప కడ్డీతో నొత్తి దొర్లించినపుడు గింజ ముందునకు జారి పడును, దూది వెనుక నిలుచును. గింజ నలుగరాదు, నలిగిన దాని నూనె దూదికంటును. పిదప చిన్న వింటితో, నారిని బెదరించినట్లు గాక బుజ్జగించినట్లు మీటుచు, ఆ దూదిని పొంగించి, ఏకులుగా చుట్టి, చేతి చెమట తగులకుండ ఎండిన యరటి దొప్పలో పెట్టుకొందురు. యంత్రమన్నది ఇంతవరకు ఎచ్చటను లేదు. ఈ ప్రాంతమున పండు కొండపత్తి, పునాస పత్తి, కొంచెము గోధుమ చాయ గల యెర్రపత్తి మాత్రమే ఈ సన్ననూలునకు వాడుదురు. మిల్లునకు పోవు పొడుగు పింజ పత్తి ఇది కాదు. పొట్టి పింజ నుండి ఇంత సన్నని దారము తీయుటయందే ఈ స్త్రీల విద్య యంతయు ఇమిడి యున్నది.

ఆమె రాట్నము ఒంటి కదురుది. చక్రమునకు ఆకులు 24. లెక్కించి చూచి నవ్వుకొంటిని. 1947 జూలై 22న రాజ్యాంగ పరిషత్తు జాతీయ పతాకము నామోదించినపుడు స్వరాజ్య పతాకమునందలి చరఖా పోయి అశోక చక్రము వచ్చినది. దానికిని ఆకులు 24. ఇది కాకతాళీయమే యని యెరిగియు, మా నాయనగారికి ఎవరైనను ఈ సంగతి చెప్పి యుండిన నెంత సంతోషించి యుండెడివారో యని తోచెను. చరఖా తీసివేసినందులకు ఆయన మనసు చాలకాలము నొచ్చుకొనెను. “బొమ్మ పోతే పోయింది, గుడ్డ ఖద్దరే గదా” అని తనకు తానే సమాధానము చెప్పుకొనెడివారట; ఇది మా అమ్మ చెప్పిన మాట.

పశ్చిమ గోదావరి జిల్లాలో ఆయన బడిపంతులు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా తీర్మానము వెలువడినంతనే ఉద్యోగము వదలి, బళ్లారి చెంతనున్న అలీపురము జైలు చేరిరి. తకిలీతో నూలు తీయుట అక్కడనే అలవడినది. బయటికి వచ్చిన తరువాత ఆయన దేశభక్తి యుపన్యాసములలో గాక ఇంటి ఖర్చులలో వ్యక్తమయ్యెను. మిల్లుబట్ట గడప దాటి లోనికి రాగూడదు. ఏటికొకసారి పంచెలు, అమ్మకు చీరలు, మాకు లాగులు, అన్నియు ఖాదీ భండారునుండియే. గాంధీ జయంతికి భండారులో రిబేటు ప్రకటించునప్పుడు ఊరందరును కొందురు. ఆయన మాత్రము దానికి ముందు నెలలో పూర్తి వెలకు కొనెడివారు. జీతము చాలదని అమ్మ మొత్తుకొనినను వినరు. 1972లో స్వాతంత్ర్యయోధులకు ప్రభుత్వము పింఛను ప్రకటించినపుడు, దరఖాస్తు కాగితము పూర్తి చేసి యిచ్చుటకు ఊరి పెద్దలే ముందునకు వచ్చినను, సంతకము పెట్టలేదు. ఆ నిరాకరణమును సభలలో కొనియాడిన పెద్దలు కలరు. ఆ నెలలలో మా యింట ఉప్పు పప్పులు అరువు తెచ్చినది అమ్మ యని వారికి తెలియదు. తడిసిన ఖద్దరు చీర యెంత బరువుండునో ఆమెకు తెలిసినట్లు దేశములో నే నాయకునికిని తెలిసి యుండదు. వాన కాలములో అది రెండు దినములకును ఆరదు. దేశభక్తి గల భర్తల భార్యలను గూర్చి మన చరిత్రకారులు ఇంకను వ్రాయవలసి యున్నది.

నేను స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట పుట్టినవాడను. దేశమును నేను కోరి తెచ్చుకొన్నది లేదు, దానికొరకు పోగొట్టుకొన్నదియు లేదు. బడిలో తోటిపిల్లలు టెరిలిన్ చొక్కాలలో తిరుగుచుండగా ముతక ఖద్దరు లాగుతో కూర్చుండుట ఎంత నామోషీగా నుండెడిదో చెప్పలేను. మొదటి జీతము రాగానే మిల్లుబట్ట కుట్టించుకొంటిని. నాయనగారు చూచిరి, ఏమియు ననలేదు. ఆయన పోయిన తరువాతను నేను ఖద్దరునకు మరలలేదు. అయినను ఆయన నుండి ఒకటి నాకు సంక్రమించినది, అది నేను కోరుకొన్న ఆస్తి కాదు. ఎవరైనను వేదికపై దేశమని గొంతెత్తినపుడు, ఆ శాలువ ఎవరు నేసిరి, ఆ పందిరి ఎవరు కట్టిరి, వారికి కూలి ముట్టెనా యను ప్రశ్న నాకు తెలియకయే నాలుక చివరకు వచ్చును. ఇందువలన సభలలో నాకు మిత్రులు తక్కువ. భారతీయుడనని నేను నిస్సంకోచముగ అనుకొనగలుగుట ఈ ప్రశ్న ద్వారమున దక్క మరియొక దారిని నాకు సిద్ధింపలేదు.

అట్టి ప్రశ్న నాకిచ్చిన మనుష్యుడు పొందూరు ఎన్నడును రాలేదు. ఇది నాకా యరుగుపై గూర్చుండియుండగా కొంత వింతగాను, కొంత బాధగాను తోచెను. వడుకువారిపై ఆయనకు భక్తియే గాని పరిచయము లేదు. వారి ముఖములు ఆయన దేశములో లేవు.

ఇచ్చటి నూలు వందవ నంబరు, అంతకు మించియు నుండును. నంబరనగా నేమో తెలియనివారికి: 840 గజముల చిలపలు పౌను బరువునకు ఎన్ని తూగునో అది యా నూలు నంబరు. వందవ నంబరైనచో పౌను దూదిలో 84,000 గజముల దారము, అనగా 47 మైళ్లకు పైమాట. 1924లో గాంధీ మహాత్ముని యధ్యక్షతన బెల్గాములో జరిగిన కాంగ్రెసు, నాలుగణాల చందాకు బదులుగా సభ్యులు నెలకు 2,000 గజముల నూలు సమర్పింపవలెనని నిర్ణయించినపుడు దేశమంతట గగ్గోలు పుట్టెను. వకీళ్లకు వ్రేళ్లు నొచ్చినవి, ఆ నియమము మరుసటి సంవత్సరమే సడలిపోయెను. అట్టి నియమముతో పని లేక, కాంగ్రెసు పట్టికలలో పేరు లేక, ఈ వీధి స్త్రీలు అంతకు ముందును వడికిరి, ఇప్పటికిని వడుకుచున్నారు. గాంధీగారు తమ కుమారుడు దేవదాసును ఈ పని చూచి రమ్మని పంపిరని ఊరివారు నేటికిని గర్వముగ చెప్పుకొందురు.

“మా నాయన యాభై యేండ్లు మీ ఊరి పంచెలే కట్టినాడమ్మా” అంటిని.

“ఎప్పుడైనా ఇటొచ్చినాడా?”

“రాలేదు.”

“రాపోతే ఏటి? యేడాదికోపాలి డబ్బిచ్చి కొన్నాడు గదా. పంద్రాగస్టుకి శానామంది వొస్తారు బాబూ. నా రాట్నం కాడ కూకుంటారు, ఫొటో తీయించుకుంటారు, ఎలిపోతారు. ఓ పంచి కొనరు.”

కూలిమాట యడిగితిని. ఆమె సూటిగనే చెప్పెను: ఉపాధి హామీ పనికి పోయినచో ఇంతకంటె ఎక్కువ గిట్టును, కోడలు అక్కడికే పోవుచున్నది. “నాను ఎల్లలేను గనక ఈ పని. నా తరవాత ఈ ఇంట్లో రాట్నం తిప్పే గుంట లేదు.” ఆ మాటలో దైన్యము లేదు, ఎండ కాయుచున్నదని చెప్పు స్వరముతోనే చెప్పెను. నాయనగారు రిబేటు లేకుండ పూర్తి వెల యిచ్చినందులకు హేతువు ఆయన యెన్నడును వివరింపలేదు. ఆ రిబేటు భరించునది ప్రభుత్వమే గాని వడుకువారు కారని, ఆయనది వట్టి పట్టుదల యని నేను యౌవనమున వాదించి యుంటిని. లెక్క ప్రకారము నా వాదము నేటికిని సరియే. ఆ కోడలు మాత్రము మట్టిపని నుండి తిరిగి రాలేదు, చీకటి పడిన పిదప గాని రాదట.

నేతపనిని గూర్చి విస్తరింపను. గుంటమగ్గములు అన్నిచోట్లను చూచినవే. సంఘము కార్యాలయమునకు వినోబా భావే శంకుస్థాపన చేసిరని చెప్పి, గోడలపైని ఫొటోలు చూపిరి. అచ్చటి యుద్యోగి జెండా ప్రస్తావన తెచ్చెను. జాతీయ పతాకమునకు గుడ్డ పొందూరుది కాదు. కర్ణాటకలో హుబ్బళ్లి చెంత బెంగేరిలోని ఖాదీ సంఘము దానికి ప్రసిద్ధము. అయినను 2021 డిసెంబరు 30న పతాక నియమావళిని సవరించి, పాలియెస్టరు గుడ్డకును యంత్రపు నేతకును అనుమతి యిచ్చిన సంగతి ఇచ్చటివారికిని తగిలినది. ఇంటింటను జెండా యెగురవలెనన్న చేతినూలు చాలదని సవరణను సమర్థించువారందురు. అందు నిజము లేకపోలేదు. మరుసటి యేడు మా వీధిలో ప్రతి మేడపైనను జెండా యెగిరినది. పండుగ పోయిన వారమునకు వానలో నానుచు కొన్ని మురుగుకాలువ ప్రక్కన పడియుండగా నేనే ఏరితిని. తమ్ముడొకడు ముప్పది రూపాయల వస్తువునకింత గౌరవమేల యని నవ్వెను. జెండా చవుకయగుట మంచిదే. గౌరవమును దానితో పాటు చవుకయైనదని ఆతడు గమనింపలేదు.

భండారులో పంచె యడుగగా ఆ యుద్యోగి, “ఇంకొక నెల ఆగండి సార్, గాంధీ జయంతికి రిబేటు వస్తుంది” అని హితము పలికెను. బిల్లు వ్రాయుమంటిని. సన్నపంచె యొకటి, వెడల్పు అంచుది, పూర్తి వెలకు పుచ్చుకొని, బండికి ఇంకను వేళ యుండుటచే మరల ఆ వీధికే పోయితిని. ముసలమ్మ పంచె మడత విప్పి, కొంగును బొటనవ్రేలితో రుద్ది, వెలుతురునకు పట్టి చూచెను.

“ఇది నా నూలు కాదు బాబూ. మంచిదే గానీ, నాది ఇంకా సన్నం. ఎవులికి?”

అమెరికాలోనున్న కొడుకునకంటిని.

“అక్కడ ఎవులు ఉతుకుతారు?” అని యొక క్షణమాలోచించి, “మిషనులో ఎయ్యొద్దని చెప్పు. సబ్బు వొద్దు, కుంకుడు రసం. పిండకూడదు, అలా నీడని ఆరెయ్యాల. గంజి పల్సగా. రాసుకో బాబూ, మరిసిపోతావు” అనెను.

జేబులోని రైలు టిక్కెట్టు వెనుక వ్రాసికొంటిని.