కాలువ గట్టు మీద మొరం దారి

మా ఏర్గట్ల దిక్కు సైకిల్ తొక్కాలంటే మాఘమాసంలోనే తొక్కాలి. కాకతీయ కాలువ గట్టెక్కి పోచంపాడు వైపు మళ్లితే చాలు, లారీ హారన్ల బాధ ఉండదు. ఒకపక్క యాసంగి నీళ్లు, ఇంకోపక్క పసుపు తవ్విన చేలు. ఉడకబెట్టిన కొమ్ములు కళ్లాల్లో ఆరబోసి ఉంటాయి. ఆ వాసన చాలాదూరం వెంట వస్తుంది.

ఈ దారికి సన్న టైర్ల రేసు సైకిల్ పనికిరాదు. 40 మిల్లీమీటర్ల టైరు వేసి, గాలి కాస్త తగ్గించి చూడండి. మొరం రాళ్ల మీద ఎగిరిపడకుండా టైరు కొంచెం అణిగి నేలను పట్టుకుంటుంది, చేతులకు అదురు తగ్గుతుంది. ఇలాంటి మొరం దారుల కోసమే చేసిన గ్రావెల్ సైకిల్ గొప్పతనమంతా అక్కడే.

1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు దగ్గరి శ్రీరాంసాగర్ ప్రాజెక్టు మనకు నీళ్లతో పాటు ఈ దారులనూ ఇచ్చింది. కాలువ చూసుకునే లస్కర్లు తిరిగే దారులివి. దయచేసి వీటిని ఇలాగే మొరంతో ఉంచాలి, సిమెంటు పోయొద్దు. సిమెంటు పడిందంటే కార్లు వస్తాయి.

ఆ ప్రాజెక్టు 42 గేట్ల కట్టను అందరూ చూస్తారు. నాకైతే నందిపేట వైపు వెనుక జలాలే ఇష్టం. నీళ్లు తగ్గి గడ్డి లేస్తే కృష్ణజింకలు మేతకొస్తాయి. దూరంగా ఆగి చూడాలి, ఫొటోల కోసం వెంటపడి బెదరగొట్టొద్దు.

ఈ ఆదివారం వచ్చేవాళ్లుంటే చెప్పండి. పొద్దుగాల ఆరింటికల్లా బయలుదేరుదాం. స్పేర్ ట్యూబు, పంపు మర్చిపోకండి, గట్టు మీద తుమ్మముళ్లు బాగా ఉన్నాయి.