రోడ్డు అంచు ఎక్కడుంది?

మీ ఊళ్లో రోడ్డు ఎక్కడ అయిపోతుందో చెప్పండి చూద్దాం. తారు అయిపోయిన చోటా? మరి ఆ పక్కనున్న మట్టి మాటేమిటి? ఎదురుగా బస్సు వస్తే మనం బండి దింపేది అక్కడికేగా. ఆటో ఆగేదీ అక్కడే, జామకాయల బండి నిలబడేదీ అక్కడే. కోతల రోజుల్లో తారు మీద వడ్లు ఆరబోస్తే బండ్లన్నీ ఆ మట్టి మీదుగానే పోతాయి. మనకిది ఆలోచించాల్సిన సంగతే కాదు. కెమెరా పెట్టుకుని తనంతట తాను నడిచే కారుకు నేర్పాలంటే మాత్రం పెద్ద చిక్కు.

అలాంటి కార్లకు చూపు నేర్పేది ఫొటోలతోనండీ. ఊరికే ఫొటోలు చాలవు. ఒక్కో ఫొటో ముందు మనిషి కూర్చుని, ఇది రోడ్డు, ఇది గోడ, ఇది మనిషి అని మౌసుతో అంచుల వెంట గీతలు గీసి, పేర్లు పెట్టాలి. ఓపికతో కూడిన పని. 2016లో జర్మనీవాళ్లు అలా ఒక పెద్ద ఫొటోల సంపుటి తయారు చేశారు, సిటీస్కేప్స్ అని. యాభై నగరాల వీధులున్నాయి అందులో, దాదాపు అన్నీ జర్మనీవే. కారు వెనక తగిలించుకు తిరిగే కారవాన్‌కు కూడా అందులో ఒక పేరుంది. ఆటోకు లేదు. పశువులకూ లేదు. వాళ్ల వీధుల్లో ఏముంటే అవే రాసుకున్నారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆ ఫొటోలతో చదువుకున్న ప్రోగ్రామును తెచ్చి మన రోడ్డు మీద పెడితేనే తడబడుతుంది.

మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఈ లోటు పూడ్చడానికి కూర్చున్నారు. కారు ముందు కెమెరా బిగించి హైదరాబాద్, బెంగళూరు వీధుల్లోనూ, శివార్లలోనూ తిప్పారు. 182 ప్రయాణాల్లోంచి పదివేల పైచిలుకు ఫొటోలు ఏరి, 34 రకాల పేర్లు పెట్టి 2018లో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ అని బయటపెట్టారు. అందులో ఆటో ఉంది, పశువు ఉంది, రోడ్డు పక్కన నిలబడే హోర్డింగులూ ఉన్నాయి. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. తారు రోడ్డుకు ఒక పేరు పెట్టి, పక్కనున్న మట్టికి ఇంకో పేరు పెట్టారు. నడపడానికి వేసిన దారి కాదు గానీ అవసరమైతే బండి దింపవచ్చు అని దాని అర్థం. డ్రైవింగ్ వచ్చిన ప్రతివాడికీ తెలిసిన విషయం లెక్కలోకి ఎక్కింది. ఆ ఒక్క పేరు పెట్టడానికి మన రోడ్ల మీద తిరిగిన కళ్లు కావాలి. నేను పరిశోధన అనేది దాన్నే.

బయటి లెక్క మనకు సరిపోక మనవాళ్లే పూనుకున్న సంగతి ఇంకోటుంది, అది కరెంటు కబురు. ఇది నాకు ఇంకా ఇష్టమైనది, కాస్త తీరిగ్గా చెబుతాను.

1990ల ఎండాకాలాల్లో బోరు కింద వ్యవసాయం చేసిన పెద్దవాళ్లుంటే అడగండి. కరెంటు ఉన్నా నీళ్లు సన్నగా వచ్చేవి. లో వోల్టేజీ అనేవాళ్లు. అది నిజమే, కానీ ఇంకో కారణం కూడా ఉంది. కరెంటు సెకనుకు 50 సార్లు ఊగాలి, అదే 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ. వాడకం ఉత్పత్తిని మించిపోతే ఆ అంకె దిగుతుంది, వాడకం తగ్గితే ఎక్కుతుంది. దక్షిణాది గ్రిడ్‌లో అది 48.5 కన్నా కిందికి కూడా జారిపోయేది. మూడే మూడు శాతం కదా అనుకోకండి. మోటారు ఈ అంకెను బట్టే తిరుగుతుంది. వేగం మూడు శాతం తగ్గితే పంపు నీళ్లను ఎత్తగలిగే ఎత్తు ఆరు శాతం దాకా తగ్గుతుంది. లోతు బోరులో ఆ ఆరు శాతం దగ్గరే మడి తడవడం, తడవకపోవడం తేలిపోతుంది.

ఎందుకలా జరిగేదంటే, సాయంత్రం వేళ రాష్ట్రాలు తమ వాటా కన్నా ఎక్కువ లాగేవి. ఎప్పుడు లాగినా యూనిట్‌కు రేటు ఒకటే, ఇక ఆగడం దేనికి? అర్ధరాత్రి వాడకం పడిపోయినా కొన్ని థర్మల్ స్టేషన్లు ఉత్పత్తి తగ్గించేవి కావు, ఎక్కువ యూనిట్లు తీస్తే ప్రోత్సాహకం వచ్చేది మరి. అప్పుడు అంకె 50 దాటిపోయేది. విదేశీ పాఠ్యపుస్తకాల్లోని గ్రిడ్‌కు చేతిలో ఎప్పుడూ కాస్త మిగులు కరెంటు ఉంటుంది. మన గ్రిడ్‌కు అప్పట్లో అదే లేదు.

మన ఇంజనీర్లు ఏం చేశారో చూడండి. ఆ అంకెనే ధరగా మార్చేశారు. ముందుగా వేసుకున్న షెడ్యూలు ప్రకారం వాడుకున్నదానికి మామూలు లెక్క. దాన్ని మించి లాగితే, లాగిన పదిహేను నిమిషాల్లో గ్రిడ్ సగటు ఫ్రీక్వెన్సీ ఎంతో చూసి రేటు కట్టేవారు. 50.5 హెర్ట్జ్ ఉంటే సున్నా. అక్కణ్నుంచి 0.02 దిగినప్పుడల్లా 5.6 పైసలు పెరుగుతూ, 49.02 కన్నా కిందికి దిగితే యూనిట్‌కు 4 రూపాయల 20 పైసలు. గ్రిడ్ ఇబ్బందిలో ఉన్నప్పుడు షెడ్యూలు కన్నా తక్కువ వాడుకున్న రాష్ట్రానికి అదే రేటున డబ్బు చేతికొచ్చేది. ఆ గ్రిడ్‌లో ఏ మూల ఉన్న ఇంజనీరైనా గోడ మీద ప్లగ్గు దగ్గర ఫ్రీక్వెన్సీ కొలుచుకుంటే చాలు, ఆ క్షణానికి కరెంటు ఎంత ఖరీదో తెలిసిపోయేది. ఎవర్నీ ఫోన్ చేసి అడగాల్సిన పని ఉండేది కాదు. ఇంత అందమైన ఆలోచన ఇంజనీరింగ్‌లో అరుదుగా కనిపిస్తుందని నా నమ్మకం.

దీన్ని రూపొందించినవారిలో ముఖ్యులు పవర్‌గ్రిడ్‌లో పనిచేసిన భానుభూషణ్ గారు. అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్ అన్న పేరుతో ఇది దక్షిణాదిలో 2003 జనవరి 1న అమల్లోకి వచ్చింది. హెచ్చరికలకు లొంగని అంకె, బిల్లు కట్టాల్సి వచ్చేసరికి దారికొచ్చింది. తర్వాత నిబంధనలు ఎన్నోసార్లు మారాయి, ఆ పాత రేట్ల పట్టిక ఇప్పుడు లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసిపోయింది. ఇవాళ శ్రీకాకుళంలో ఏ ఫ్రీక్వెన్సీయో శ్రీనగర్‌లోనూ అదే. ఉండాల్సిన హద్దులు 49.90 నుంచి 50.05. ఒకప్పటి 48.5తో పోల్చి చూసుకోండి.

మొబైల్ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 5జీ టెక్నాలజీలను పరీక్షించడానికి ప్రపంచ ప్రమాణాల్లో పల్లె ఎలా ఉంటుందని అనుకున్నారో తెలుసా? టవరుకూ టవరుకూ మధ్య 1.7 కిలోమీటర్లు. మన పల్లెల్లో అంత దగ్గర దగ్గరగా టవర్లు ఎవరు కడతారు? మనవాళ్లు ఆ ప్రమాణాలు రాసే చోటికి వెళ్లి, ఆరు కిలోమీటర్ల దూరాన్ని కూడా పరీక్షలో చేర్చాల్సిందేనని పట్టుబట్టి సాధించారు. అంటే ఒక టవరు పన్నెండు టవర్ల మేర కాచుకోవాలి. టవరు మాట ఫోనుకు చేరడం కష్టం కాదు, ఫోను మాట టవరుకు చేరడమే కష్టం. చెరువు అవతలి గట్టు నుంచి మైకులో పిలిస్తే మనకు వినపడుతుంది, మనం నోటితో బదులిస్తే వాళ్లకు వినపడదు, అలాగన్నమాట. ఐఐటీ హైదరాబాద్‌లో కిరణ్ కుచి గారి బృందం తరంగం ఆకారాన్నే మార్చి, అదే చిన్న ఫోను మరింత శక్తితో పంపగలిగేలా చేసింది. ఆ పద్ధతి ఉన్న 5జీఐ అనే మన ప్రమాణాన్ని అంతర్జాతీయ టెలికం సంస్థ 2021లో గుర్తించింది, ఆ తర్వాత అది ప్రపంచమంతా వాడే 5జీలో కలిసింది. దీన్ని విడిగా ఉంచుకోకుండా కలపడమే మంచిదయింది. ఫోన్లు రెండు రకాలైతే భారం పడేది పల్లెవాళ్ల మీదే.

ఈ కబుర్లన్నీ ఎందుకంటే, మీ ఇంట్లో బీటెక్ ఆఖరి సంవత్సరం పిల్లలుంటే వాళ్ల చెవిన వేస్తారని. రెడీమేడ్ ప్రాజెక్టులు డబ్బిచ్చి కొనుక్కోవడం మన దగ్గర మామూలైపోయింది. అది చూస్తే నాకు బాధేస్తుంది. కొనొద్దని చెప్పండి. బోరు మోటారు స్టార్టరు డబ్బా మీద వోల్టుమీటరు పొద్దున ఎంత చూపిస్తోందో, సాయంత్రం ఎంత చూపిస్తోందో ఒక నెల పాటు రాయమనండి. ఊళ్లో ఏ మలుపు దగ్గర ఫోను సిగ్నల్ పోతుందో మ్యాపు గీయమనండి. కొత్త రకం బండి ఏదైనా ఊళ్లో తిరుగుతుంటే ఫొటోలు తీసి పేర్లు పెట్టమనండి. ట్రిపుల్ ఐటీ వాళ్ల ఫొటోలు పరిశోధన కోసం ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. మాస్టార్లూ, మీకూ ఒక విన్నపం. ఊరి కొలతలు తెచ్చిన పిల్లల ప్రాజెక్టులు చక్కగా బైండ్ చేసి లేకపోయినా, దయచేసి ముందు వాటినే తెరిచి చూడండి.