వాక్యం చివర వైద్యుడు

వైద్యుడి రాక ఆలస్యమైనప్పుడు ఆసుపత్రి వరండాలో వినిపించే ప్రశ్న ఒక్కటే: "డాక్టరు గారు ఎప్పుడొస్తారమ్మా?" జవాబు మాత్రం ఒక్క తీరున ఉండదు. "డాక్టరు గారు..." అని నర్సమ్మ మొదలుపెట్టగానే బల్లల మీద కూర్చున్నవారి తలలన్నీ అటు తిరుగుతాయి. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివరనే వస్తుంది. వస్తారో రారో తెలియాలంటే ఆ చివరి మాట దాకా ఓపిక పట్టక తప్పదు.

"పదింటికి వస్తారు" అన్నదనుకుందాం. అది ఈనాటి సంగతా, నిత్యమూ జరిగే తీరా? చిన్నయసూరి బాలవ్యాకరణం జరగబోయే పనిని భవిష్యత్తుగానూ, స్వభావసిద్ధంగా జరిగే పనిని తద్ధర్మంగానూ వేరు చేసింది. గ్రాంథికంలో 'రాగలరు' వేరు, 'వత్తురు' వేరు. వ్యవహారంలో రెండింటి పనినీ 'వస్తారు' ఒక్కటే మోస్తున్నది. నర్సమ్మ చెప్పినది రోజూ ఉండే వేళ. రోగి విన్నది ఈనాటి హామీ. పదకొండు దాటాక రేగే వాదులాటకు బీజం అక్కడే పడుతుంది.

'వస్తారట' అంటే ఆ మాట ఆమెది కాదు, ఎవరో చెప్పగా విన్నది. ఒక్క 'ట'తో బాధ్యత చేయి మారుతుంది. 'వస్తారేమో' అన్నది సందేహం. 'వస్తారులే' అన్నది ఓదార్పు. కొంత విసుగు కూడా. అన్నింటిలోకీ తీయనిది 'వచ్చేస్తున్నారు'. ఇంకా బయలుదేరని మనిషిని సైతం అది గుమ్మం దాకా తీసుకువస్తుంది. పెళ్లివారి విషయంలోనైతే ఆ తీపి వల్ల పెద్ద నష్టం లేదు. ఆసుపత్రిలో ఉంది.

తెల్లవారుజామున ఇన్సులిన్ వేసుకొని, తొలి బస్సు పట్టుకొని వచ్చిన వృద్ధురాలికి ఆహారం ఆలస్యమైతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వెంట తెచ్చుకున్న డబ్బా సంచిలోనే ఉంటుంది. 'వచ్చేస్తున్నారు' అన్న మాట నమ్మి, వంతు తప్పిపోతుందేమోనని ఆమె కదలదు. చేతులు వణుకుతున్నా, చెమటలు పడుతున్నా ఎండవేడిమి అనుకుంటుంది. వైద్యుడేమో మరొక గదిలో కష్టకాన్పు చూస్తూ ఉండవచ్చు. ఆలస్యానికి కారణం న్యాయమైనదే. ఆ కారణం వరండా దాకా రాకపోవడమే అన్యాయం.

"డాక్టరు గారు ఇంకా రాలేదు. ఆపరేషను గదిలో ఉన్నారు, పన్నెండు దాటవచ్చు. చీటీ నా దగ్గర పెట్టి, ముందు ఏదైనా తిని రా అవ్వా" అనే నర్సమ్మలూ ఉన్నారు. 'రాలేదు' అన్నది వినడానికి కటువైన క్రియే. అది విన్నాకనే అవ్వ సంచి ముడి విప్పుతుంది.