తాతల బాకీ

సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్ అనే రాక్ బృందం పాట మొదటిసారి వింటే చెవులు దిమ్మెక్కుతాయి. బృందంలోని డారన్ మలాకియన్ గిటార్ తీగలను మామూలు కన్నా కిందికి దించి శ్రుతి చేస్తాడు. ఆ బరువైన మోత మధ్యలోంచి ఉన్నట్టుండి ఆర్మేనియా జానపద వరస లాంటిదొకటి తలెత్తుతుంది. నాకు ప్రాణం అక్కడే.

బృందంలో నలుగురూ ఆర్మేనియన్ మూలాలవాళ్లే. గాయకుడు సర్జ్ టాంకియన్ బీరూట్‌లో పుట్టి లాస్ ఏంజెలిస్‌లో పెరిగాడు. అతని తాత ఒట్టోమన్ సామ్రాజ్యంలో 1915 నాటి ఆర్మేనియన్ల ఊచకోత నుంచి ప్రాణాలతో బయటపడ్డ మనిషి. అతని గొంతులోని అరుపుకు వేరే కారణం వెతకాలా?

2001 సెప్టెంబర్‌లో వాళ్ల ఆల్బమ్ ‘టాక్సిసిటీ’ అమెరికాలో మొదటి స్థానంలో ఉన్న వారమే న్యూయార్క్ జంట భవనాలు కూలాయి. 2005లో రెండు ఆల్బమ్‌లు, మరుసటి ఏడాది విరామం. మళ్లీ కలిసి కచేరీలైతే చేశారు గానీ కొత్త ఆల్బమ్ రాలేదు. అభిమానులకు అదో తీరని వెలితి.

అయినా నేను వాళ్లను కొలిచేది ఆల్బమ్‌లతో కాదు. 2015 ఏప్రిల్ 23న, ఊచకోతకు నూరేళ్లు నిండే ముందురోజు, ఎరవాన్ రిపబ్లిక్ స్క్వేర్‌లో వానలో ఉచితంగా పాడారు. బృందంగా ఆర్మేనియాలో అదే తొలి కచేరీ.

టాంకియన్, డ్రమ్మర్ జాన్ డోల్మయన్ తోడల్లుళ్లు. రాజకీయాల్లో మాత్రం ఉప్పూ నిప్పూ. అయినా 2020లో ఆర్మేనియా, అజర్‌బైజాన్‌ల మధ్య నగోర్నో-కరబాఖ్ యుద్ధం రాగానే నలుగురూ పట్టింపులు పక్కనపెట్టి, పదిహేనేళ్ల తర్వాత రెండు కొత్త పాటలు చేశారు. వాటి రాబడిని యుద్ధబాధితుల సాయానికిచ్చారు.