లేదా, నీకు కనపడలేదా?

శుక్లాల ఆపరేషన్ అయ్యాక కూడా మా అమ్మమ్మకి చిన్నక్షరాలు ఆనడం లేదు. మొన్న వేసవిలో ఊరెళ్ళినప్పుడు అడిగింది: "ఒరేయ్, చిలకమర్తి వారి గణపతి నీ కంప్యూటర్లో ఉంటుందేమో చూడు. చిన్నప్పుడు మా నాన్న పైకి చదువుతుంటే ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వేవాళ్ళం. ఇంకొక్కసారి వినాలనుందిరా."

ఇదెంత పని అనుకున్నా. పదిహేనేళ్ళుగా డేటాబేసులతో కాపురం చేస్తున్నవాణ్ణి మరి! ఇంటర్నెట్ ఆర్కైవ్ తెరిచి ఇంగ్లీషు అక్షరాల్లో గణపతి అని కొట్టా. వ్రతకల్పాలు, అష్టోత్తరాలు, గణపతి ముని రచనలు... కుప్పలుతెప్పలుగా వచ్చాయి. మా గణపతి మాత్రం లేడు. రచయిత పేరు, ఇంటిపేరుతో సహా, నాకు తోచిన స్పెల్లింగులో కొట్టా. సున్నా.

"లేదు అమ్మమ్మా" అన్నా.

"లేదా, నీకు కనపడలేదా?" అంది.

చురుక్కుమంది. ఆఫీసులో ఎవరైనా క్వెరీకి సున్నా వరసలు వచ్చాయని "డేటా లేదండీ" అంటే, "ముందు నీ వేర్ క్లాజు చూసుకో బాబూ" అనేది నేనే కదా :)

ఆ రాత్రి మళ్ళీ కూర్చున్నా. 2000ల మొదట్లో మన రాజ్‌రెడ్డి గారు ముందుండి నడిపిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో భాగంగా, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. వాటిలో చాలావరకు ఇప్పుడు ఆర్కైవ్‌లో ఉన్నాయి. పేర్లు మాత్రం ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో, ఎక్కించినవాళ్ళకి తోచినట్టు. మర్తికి ఒకరు టి రాస్తారు, ఇంకొకరు టి హెచ్. లక్ష్మికి ఎక్స్ పెట్టేవాళ్ళున్నారు. నరసింహాన్ని లక్ష్మికి అతికించాలా, విడదీయాలా? చివర 'ము' ఉందా? ఎన్ని కాంబినేషన్లో మీరే లెక్కేసుకోండి.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కేటలాగుకి ఒక పద్ధతుంది గానీ అది మనకి అలవాటు లేనిది. అక్కడ 'చ'కి ఒట్టి సి. సి హెచ్ అంటే ఒత్తు 'ఛ'. అంటే చిలకమర్తి వారు అక్కడ సి, ఐ, ఎల్‌తో మొదలవుతారు. నేను జన్మలో అలా కొట్టి ఉండేవాణ్ణి కాదు.

చివరికి నాకు అబ్బిన విద్య ఇంతే: తక్కువ కొట్టడం. ఎవరు రాసినా మారని ముక్క, అంటే 'చిలకమ్' దాకా కొట్టి, పక్కన నక్షత్రం గుర్తు పెట్టడం. భాష తెలుగు అని వడగట్టడం. రచయిత గడి ఖాళీగా వదిలేసిన పుస్తకాలూ ఉంటాయి కాబట్టి, పుస్తకం పేరుకీ ఇదే చిట్కా. తెలుగు లిపిలోనూ ఓసారి. ఆ తర్వాత ఓపిగ్గా కళ్ళతో చూసుకుంటూ పోవడమే. అర్ధరాత్రి దాటాక గణపతి దొరికాడు. చిలకమర్తి వారు పోయింది 1946లో. 60 ఏళ్ళ కాపీరైటు గడువు 2006తో తీరిపోయింది కాబట్టి దించుకోడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇప్పుడు రోజూ రాత్రి ఫోన్లో రెండు మూడు పేజీలు చదువుతున్నా. పాత అచ్చు, అరసున్నలు, తడబడుతుంటా. నేను కూడబలుక్కునే లోపే అటునుంచి అమ్మమ్మ వాక్యం పూర్తి చేసేసి నవ్వుతుంది. ఆ నవ్వు వింటున్నప్పుడల్లా, ఆ రోజు "లేదు" అని లాప్‌టాప్ మూసేసి ఉంటే? అనిపిస్తుంది.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళెవరైనా ఓ పుస్తకం అడిగి, మీరు లేదని చెప్పేసి ఉంటే, ఈ శనివారం ఇంకోసారి వెతకండి. ఈసారి కాస్త తక్కువ కొట్టి చూడండి.